తొమ్మిదో నెలలో డెంగీ: ఆపరేషన్‌కు తొందరపడని ఒక కేసు

నేను ప్రసూతి వైద్యురాలిని. దోమల వల్ల వచ్చే జ్వరాలతో చేరిన గర్భిణులను చాలామందినే చూశాను. వాళ్లలో ఈమె కేసు రాయాలనుకోవడానికి కారణం ఒకటుంది. ఆమెకు అసలు ప్రమాదం మొదలైన సమయానికి చార్టు మీద ఏ తేడా కనిపించలేదు. జ్వరం లేదు. బీపీ నార్మల్. ల్యాబ్ రిపోర్టులో హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా, శాతంలో) పక్కన ఏ హెచ్చరిక గుర్తూ లేదు. అయినా ఆమె రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, కారిపోతూనే ఉంది. గర్భిణుల్లో డెంగీ ఎలా దాక్కుంటుందో నాకు అంత స్పష్టంగా చూపించిన కేసు మరొకటి లేదు.

ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెది రెండో కాన్పు. వయసు 30 లోపు. మొదటి కాన్పులో నెలలు నిండేసరికి బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయి, మందులతో నొప్పులు తెప్పించాల్సి వచ్చింది. మామూలు కాన్పే అయింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ చరిత్ర వల్ల ఈసారి 13వ వారం నుంచే రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తున్నాం. గర్భానికి ముందు బరువు 50 కిలోలు, ఇప్పుడు 61. బీపీ ఎప్పుడూ 110/70 దాటలేదు. 30వ వారంలో చేసిన సీబీసీలో (రక్తకణాల లెక్క) హిమాటోక్రిట్ 33, తెల్లకణాలు 10,600, ప్లేట్‌లెట్లు 2,10,000. ఈ మూడు అంకెలనూ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మేం గుర్తుపెట్టుకోలేదు. మొదటి పొరపాటు అక్కడే జరిగింది.

మొదటిసారి వచ్చినప్పుడు

ఆమెకు 35 వారాల 5 రోజులప్పుడు జ్వరం మొదలైంది. మరుసటి రోజు, అంటే జ్వరం రెండో రోజున, ఓపీకి వచ్చింది. 102 డిగ్రీల జ్వరం, తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు. దగ్గు, జలుబు లేవు. బిడ్డ కదలికలు బాగున్నాయి. సీబీసీ చేయించాం: హిమాటోక్రిట్ 33, తెల్లకణాలు 5,800, ప్లేట్‌లెట్లు 1,60,000. అన్నీ ల్యాబ్ ముద్రించిన పరిధిలోనే ఉన్నాయి. వైరల్ జ్వరం అనుకుని, పారాసెటమాల్ రాసి, నీళ్లు బాగా తాగమని చెప్పి పంపించేశాం.

ఆ రోజు ఓపీలో చూసింది నేనే. తర్వాత ఆ కాగితం మళ్లీ తీసి చూసుకున్నప్పుడు నాకు చాలా బాధేసింది. 5,800 మామూలు మనిషికి నార్మల్. గర్భంలో తెల్లకణాలు సహజంగానే పెరుగుతాయి. ఈమెకు అయిదు వారాల కిందట 10,600 ఉన్నాయి. అంటే దాదాపు సగానికి పడిపోయాయి. జ్వరం రెండో రోజున తెల్లకణాలు ఇలా పడిపోతే ముందుగా అనుమానించాల్సింది డెంగీనే. ల్యాబ్ పరిధితో కాకుండా ఆమె పాత రిపోర్టుతో పోల్చి ఉంటే ఆ రోజే డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1 పరీక్షకు పంపేదాన్ని. ఆ పరీక్ష బాగా పట్టేది కూడా మొదటి నాలుగైదు రోజుల్లోనే.

ఇంకొకటి కూడా మరిచిపోయాను. ఆస్పిరిన్ ఆపమని చెప్పలేదు. జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడొద్దని అందరికీ చెబుతాం. కానీ ఆమె దాన్ని జ్వరం మాత్రగా వేసుకోవడం లేదు, ‘బీపీ రాకుండా వేసుకునే మాత్ర’గా వేసుకుంటోంది. ఆమె దృష్టిలో ఆ రెండూ వేర్వేరు. తప్పు ఆమెది కాదు, అడగని మాది.

చేరిన రోజు: డెంగీనా, హెల్ప్ సిండ్రోమా?

జ్వరం నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. అప్పటికి 36 వారాలు నిండి ఒక రోజు. పొద్దున్నుంచి మూడు వాంతులు. పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. జ్వరం 101. మొదటిసారి చూసినప్పుడు బీపీ 132/86. ప్లేట్‌లెట్లు 98,000, లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 118, ఏఎల్‌టీ 64. మూత్రంలో ప్రొటీన్ స్ట్రిప్ మీద ఒక ప్లస్. ఎన్‌ఎస్‌1 పాజిటివ్.

ఎన్‌ఎస్‌1 పాజిటివ్ కాబట్టి డెంగీ అనే మాట తేలిపోయింది. కానీ డెంగీ ఉన్నంత మాత్రాన హెల్ప్ సిండ్రోమ్ (గర్భంలో బీపీ జబ్బు ముదిరి ఎర్రకణాలు చితికి, లివర్ దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే స్థితి) లేదని చెప్పడానికి లేదు. నెలలు నిండే సమయంలో పొట్ట పైభాగంలో నొప్పి, పడిపోతున్న ప్లేట్‌లెట్లు, పెరిగిన లివర్ ఎంజైములు, పాత బీపీ చరిత్ర, ఇవన్నీ ఒకచోట కనబడితే ఏ ప్రసూతి వైద్యుడైనా ముందు హెల్ప్ గురించే భయపడతాడు. భయపడాలి కూడా. ఎందుకంటే ఈ రెండింటికీ చేయాల్సిన వైద్యం పూర్తిగా ఎదురెదురు. హెల్ప్ అయితే అసలు మందు కాన్పే, ఆలస్యం చేస్తే తల్లికి ముప్పు. డెంగీ అయితే ఆ రోజుల్లో కాన్పును వీలైనంత వరకు రాకుండా చూసుకోవాలి, తొందరపడి కోస్తే తల్లికి ముప్పు. ఒక జబ్బును రెండోదనుకుంటే మంచి ఉద్దేశంతోనే హాని చేసేస్తాం.

అందుకని గంటలోపు నాలుగు విషయాలు తేల్చుకున్నాం. మొదటిది బీపీ. ఎడమవైపు పడుకోబెట్టి, నొప్పి కాస్త తగ్గాక పదిహేను నిమిషాల తేడాతో నాలుగుసార్లు చూస్తే 118/76 దగ్గర నిలబడింది. మొదటి అంకె నొప్పి వల్ల, టెన్షన్ వల్ల వచ్చిందని అర్థమైంది. రెండోది మూత్రం. స్ట్రిప్ మీద ఒక ప్లస్ జ్వరంతోనూ రావచ్చు కాబట్టి ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయించాం, 0.18 వచ్చింది. 0.3 దాటితేనే ఆలోచించాలి. మూడోది రక్తపు స్మియర్, అంటే రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూడటం. హెల్ప్‌లో ఎర్రకణాలు చితికిపోయి ముక్కలుగా కనిపిస్తాయి. ఇక్కడ ముక్కలు లేవు, ఎర్రకణాలు చితికితే తగ్గే హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ కూడా తగ్గలేదు.

నాలుగోదే నన్ను ఎక్కువగా ఒప్పించింది. హిమాటోక్రిట్ 36, తెల్లకణాలు 2,900. హెల్ప్‌లో ఎర్రకణాలు నశిస్తాయి కాబట్టి హిమాటోక్రిట్ దిగుతూ ఉండాలి. ఇక్కడ 33 నుంచి 36కు ఎక్కింది. రక్తం చిక్కబడుతోంది, అంటే ప్లాస్మా బయటకు వెళుతోంది. ఆ దారి డెంగీది. ల్యాబ్ కాగితం మాత్రం 36ను ఆడవాళ్ల మామూలు పరిధిలోనే చూపించింది. నిండు గర్భిణికి రక్తంలో నీటి భాగం దాదాపు సగం మేర పెరిగి రక్తం పలచబడి ఉంటుందని ఆ పరిధికి తెలియదు కదా.

హెచ్చరిక లక్షణాలున్న డెంగీగా తీర్మానించుకున్నాం. హెల్ప్ తలుపు మాత్రం పూర్తిగా మూసేయలేదు. ఆరేసి గంటలకు సీబీసీ, రోజుకు రెండుసార్లు లివర్ ఎంజైములు, నాలుగేసి గంటలకు బీపీ అని రాసుకున్నాం. ఆస్పిరిన్ ఆ సాయంత్రం నుంచే ఆపేశాం.

అదే రక్తనమూనా నుంచి చికున్‌గున్యా, జికా ఆర్‌టీపీసీఆర్ కూడా పంపాం. ఎన్‌ఎస్‌1 పాజిటివ్ వచ్చాక ఇవెందుకని మా జూనియర్ డాక్టర్ అడిగింది. మంచి ప్రశ్న. ఈ మూడు వైరస్‌లనూ మోసేది ఒకే రకం దోమ, పగటిపూట కుట్టే ఏడిస్. ఒకరికి రెండు వైరస్‌లు ఒకేసారి రావచ్చు. కానీ గర్భంలో మూడూ దెబ్బకొట్టే సమయాలు వేరు. జికాతో పెద్ద భయం మొదటి నెలల్లో, బిడ్డ మెదడు రూపుదిద్దుకుంటున్నప్పుడు. 2015లో బ్రెజిల్‌లో తల చిన్నగా ఉన్న పిల్లలు ఎక్కువగా పుట్టడంతోనే ప్రపంచం దాన్ని పట్టించుకుంది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. తల్లికి జ్వరం స్వల్పంగా ఉండొచ్చు, అసలు ఉండకపోనూవచ్చు. చికున్‌గున్యాతో భయం కాన్పు రోజున. తల్లి రక్తంలో వైరస్ ఉన్న సమయంలోనే ప్రసవమైతే దాదాపు సగం మంది పిల్లలకు సోకిందని 2005-06లో రీయూనియన్ దీవిలో వచ్చిన మహమ్మారి సమయంలో తేలింది. సిజేరియన్ చేసినా అది ఆగలేదు. ఆ పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉండి, మూడో రోజు నుంచి ఏడో రోజులోపు జ్వరంతో, కొందరు మెదడు దెబ్బతిని జబ్బుపడ్డారు. ఇక డెంగీతో ఎక్కువ భయం చివరి నెలల్లో, ముందుగా తల్లికే. వైరస్ పేరు తెలియకుండా ‘వైరల్ జ్వరం’ అని రాసుకుంటే ఎవరిని, ఎప్పుడు, ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలో తెలియదు. రెండు పరీక్షలూ నెగెటివ్ వచ్చాయి.

‘ఇప్పుడే ఆపరేషన్ చేసేద్దాం’

ఆ రాత్రి టీమ్‌లో పెద్ద చర్చ జరిగింది. 36 వారాలు దాటాయి, బిడ్డ బతికే వయసే. ప్లేట్‌లెట్లు ఈరోజు 98,000 ఉన్నాయి, వెన్నులో మత్తు ఇవ్వొచ్చు. రేపు 50,000 కావచ్చు, ఎల్లుండి 20,000 కావచ్చు. పడిపోకముందే సిజేరియన్ చేసి గండం గట్టెక్కిద్దామని ఒక సీనియర్ సహచరుడు అన్నారు. ఆయన మాట తేలిగ్గా తీసేసేది కాదు. నాక్కూడా ఒక అరగంట పాటు అదే సరైందనిపించింది.

అప్పుడు ఆపరేషన్ తర్వాతి మూడు రోజులను కాగితం మీద వేసి చూసుకున్నాం. ఈ రాత్రి కోస్తే ఆ గాయానికి, మాయ ఊడిన చోటుకు రక్తం గడ్డకట్టే శక్తి కావాల్సింది రేపు, ఎల్లుండి. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్లేట్‌లెట్లు అట్టడుగుకు చేరతాయి. ఆపరేషన్ టేబుల్ మీద 98,000 ఉంటే చాలదు, ఆ తర్వాత రెండు రోజులూ ఉండాలి. పైగా ఆమె నిన్న రాత్రి దాకా ఆస్పిరిన్ వేసుకుంది. దాని ప్రభావం ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే వారం పైనే ఉంటుంది. కాబట్టి ఆ 98,000 కూడా పేరుకే 98,000. రెండోది, ప్లాస్మా కారుతున్న మనిషిలో రక్తస్రావం కూడా కలిస్తే హిమాటోక్రిట్ చదవడం కష్టమవుతుంది. ఒకటి పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది, మధ్యలో అంకె నిలకడగా కనిపిస్తుంది, మనిషి చేజారిపోతుంది. మూడోది బిడ్డ. జ్వరం నాలుగో రోజున తల్లి రక్తంలో వైరస్ ఇంకా ఉంటుంది, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు ఇంకా సరిగా తయారవలేదు. ఇప్పుడు పుడితే వైరస్ వెంట రావచ్చు, రక్షణ రాకపోవచ్చు. అలా సోకిన పిల్లలకు పుట్టిన మొదటి వారంలోనో, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనో జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

ఇంతకీ ఆపరేషన్‌తో తల్లికి వచ్చే లాభమేమిటి? హెల్ప్ అయితే కాన్పుతో జబ్బు తగ్గుతుంది. డెంగీ కాన్పుతో తగ్గదు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర చర్చ ఆగిపోయింది. ఆ సహచరుడే ముందుగా ‘సరే, ఆగుదాం’ అన్నారు.

బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇద్దామా అనే మాట కూడా వచ్చింది. కాన్పు చేయదలుచుకోలేదు, 36 వారాలు దాటాయి, ప్లేట్‌లెట్లు పడిపోతున్న మనిషికి కండలో సూది గుచ్చితే అక్కడ రక్తం గడ్డ కట్టొచ్చు. వద్దనుకున్నాం.

జ్వరం తగ్గిన ఉదయం

అయిదో రోజు ఉదయం ఆరింటికి ఆమెకు జ్వరం లేదు. వాంతులూ తగ్గాయి. నీరసంగా ఉన్నా నవ్వుతూ మాట్లాడింది. ‘జ్వరం పోయింది కదా మేడం, ఇంటికి తీసుకెళ్లొచ్చా?’ అని వాళ్లమ్మ గారు అడిగారు. చార్టులో బీపీ 104/82 అని రాసి ఉంది. రౌండ్స్‌లో చూసిన ఇద్దరం ముందుకు వెళ్లిపోయాం.

వెనక్కి పిలిచింది నైట్ డ్యూటీ నర్సు. ‘మేడం, బీపీ బాగానే ఉంది కానీ చేతులు చల్లగా ఉన్నాయి. రాత్రి మూడు తర్వాత బాత్రూమ్‌కు లేవలేదు’ అంది.

తిరిగి వెళ్లి చూశాను. పల్స్ 116, అందేటప్పుడు పలచగా ఉంది. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు పట్టింది. 104/82లో పైఅంకె బాగానే ఉంది, కింది అంకె కూడా బాగానే ఉంది. రెండింటి మధ్య తేడా 22. ముందురోజు అది 42. ఈ తేడా 20కి పడితే డెంగీలో దాన్ని షాక్ కిందే లెక్కేస్తాం. శరీరం రక్తనాళాలను బిగించి కింది అంకెను పైకి నెట్టుతూ బీపీని నిలబెడుతోంది. ఆ బిగింపు వదిలిందంటే బీపీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. హిమాటోక్రిట్ 40. ల్యాబ్ దీన్నీ నార్మల్ అనే చూపించింది. ఆమె సొంత 33తో పోలిస్తే 20 శాతం పైన పెరిగింది.

మామూలు రోగిలో కన్నా గర్భిణిలో ఇది ఆలస్యంగా బయటపడటానికి కారణముంది. ఆమెకు పల్స్ మామూలుగానే పది, ఇరవై ఎక్కువ. రక్తం పరిమాణం ఎక్కువ కాబట్టి చాలా పోయేదాకా బీపీ నిలబడుతుంది. బిడ్డ మాత్రం ముందే చెబుతుంది. ఒళ్లు కష్టంలో పడినప్పుడు మొదట రక్తం తగ్గేది గర్భాశయానికే. సీటీజీ (బిడ్డ గుండెవేగాన్ని గీతగా చూపే యంత్రం) పెట్టి చూస్తే బిడ్డ గుండె 165 దగ్గర, గీతలో ఎగుడుదిగుడులు తగ్గి చదునుగా ఉంది. ఆ గీత ఒక్కటే చూసి ఉంటే బిడ్డకు ఇబ్బందని సిజేరియన్‌కు పరుగెత్తేవాళ్లం. బిడ్డకు కావాల్సింది బయటకు రావడం కాదు, తల్లి రక్తప్రసరణ బాగుపడటం అని ముందు అటు చూశాం.

నార్మల్ సెలైన్ మొదటి గంటలో 500 మి.లీ. ఇచ్చాం. కిలోకు 10 చొప్పున, గర్భానికి ముందున్న 50 కిలోల లెక్కన. ఇప్పటి 61 కిలోలతో లెక్కేస్తే ప్రతి గంటకూ కాస్త కాస్త ఎక్కువ పోయి చివరకు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. గంట తర్వాత పల్స్ 100, బీపీ 110/76, చేతులు వెచ్చబడ్డాయి. హిమాటోక్రిట్ 37కు దిగింది. మరో గంటకు మూత్రం వచ్చింది. సీటీజీ గీతలో మళ్లీ ఎగుడుదిగుడులు కనిపించాయి. సెలైన్‌ను గంటకు 250కి, తర్వాత 150కి, సాయంత్రానికి 100కి తగ్గించుకుంటూ వచ్చాం. స్కానింగ్‌లో పిత్తాశయం గోడ వాచి, కుడి ఊపిరితిత్తి కింద కొంచెం నీరు కనిపించింది. రెండూ ప్లాస్మా కారిన గుర్తులే.

ఆ ఉదయం ఆ నర్సు పిలవకపోతే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ చల్లని చేతులు ఏ కాలమ్‌లోనూ లేవు. ఆమె పట్టుకుని చూసింది కాబట్టి తెలిసింది.

ఎక్కించిన ప్లేట్‌లెట్లు, నిలవని అంకె

ఆ సాయంత్రం కౌంట్ 24,000. రక్తస్రావం ఎక్కడా లేదు. చిగుళ్లు, మూత్రం, కింద, అన్నీ బాగున్నాయి. కానీ ఆ అంకె అందరినీ కుదిపేసింది. బంధువులు గంటగంటకూ అడుగుతున్నారు. నాకూ లోపల భయంగానే ఉంది. ఒక దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు ఒక యూనిట్ ఎక్కించాం.

గంట తర్వాత 39,000. ఆరు గంటల తర్వాత 23,000. చెప్పుకోడానికేమీ మిగల్లేదు. డెంగీ ముదిరిన ఆ రోజుల్లో ఎక్కించినవీ ఆమె సొంతవాటిలాగే నాశనమైపోతాయి. రక్తస్రావం లేని పెద్దవాళ్లలో ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదని సింగపూర్, మలేషియాల్లో చేసి 2017లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. అది నాకు తెలుసు. తెలిసీ ఎక్కించాను. ఆ యూనిట్ ఆమె కోసం కాదు, మా అందరి ఆందోళన కోసం ఎక్కించానని ఒప్పుకోవాలి. దానివల్ల మరో 250 మి.లీ. ద్రవం ఆమె ఒంట్లోకి చేరింది. ఆ లెక్క మర్నాడు తేలింది.

17,000 దగ్గర నొప్పులు

ఆరో రోజు మధ్యాహ్నం కౌంట్ 17,000. అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. పది నిమిషాలకు రెండు. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా కష్టమైన గంటలు అవే.

నొప్పులు ఆపే మందులు ఒక్కొక్కటీ తీసి చూశాం. నిఫెడిపిన్ బీపీని దించుతుంది, ప్లాస్మా కారుతున్న మనిషిలో అది ప్రమాదం. బీటా అగోనిస్ట్ రకం మందులు గుండెవేగం పెంచి ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తాయి. ఇండోమెథసిన్ ప్లేట్‌లెట్ల పనిని ఇంకా చెడగొడుతుంది. అసలు 34 వారాలు దాటాక నొప్పులు ఆపడానికి మందులు సాధారణంగా వాడం కూడా. అందుకని మందు లేకుండానే ఆగాం. జ్వరంలో గర్భాశయం ఇలా చిరాకు పడటం మామూలే, అది అసలు కాన్పు నొప్పి కాకపోవచ్చు. లోపలి పరీక్ష ఒక్కసారే, అనుభవమున్నవారితో, చాలా నెమ్మదిగా చేయించాం. గర్భాశయ ముఖద్వారం ఒక సెంటీమీటరు. గట్టిగా ఉంది.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. రెండు యూనిట్ల రక్తం సరిపోల్చి పెట్టించాం. ప్లేట్‌లెట్లు బ్లడ్ బ్యాంకులోనే సిద్ధంగా ఉంచమని, మేం ఫోన్ చేశాకే పంపమని చెప్పాం. ముఖద్వారం తెరుచుకుంటూ కాన్పు తప్పదని తేలితే అప్పుడే, కాన్పుకు దగ్గరగా ఎక్కించాలి. ముందే ఎక్కిస్తే నిన్నటిలా ఆరు గంటల్లో ఆవిరి. మత్తు డాక్టరుకు వెన్నులో మత్తు కుదరదని ముందే చెప్పి, అవసరమైతే పూర్తి మత్తుకు ఏర్పాటు చేయించాం. పిల్లల డాక్టరుకు కబురు పెట్టాం. కాన్పయితే గర్భాశయం గట్టిపడటానికి ఆక్సిటోసిన్ కండలోకి కాకుండా నరంలోకే ఇవ్వాలని బోర్డు మీద రాశాం. బిడ్డకు కూడా ప్లేట్‌లెట్లు తక్కువుండొచ్చు కాబట్టి తలను పట్టి లాగే వాక్యూమ్ వాడొద్దనుకున్నాం.

నాలుగు గంటల తర్వాత మళ్లీ చూస్తే ముఖద్వారంలో మార్పు లేదు. రాత్రి పదికల్లా నొప్పులు వాటంతటవే సద్దుమణిగాయి. అన్ని ఏర్పాట్లూ అలాగే ఉంచి, మేమంతా ఆ వార్డులోనే కూర్చున్నాం.

మరో పొరపాటు

ఏడో రోజు తెల్లవారుజామున ఆమెకు ఆయాసం వచ్చింది. ఆక్సిజన్ 93 శాతం, ఊపిరితిత్తుల అడుగున రెండువైపులా గురగుర. బీపీ 122/70, చేతులు వెచ్చగా, మూత్రం ధారాళంగా, హిమాటోక్రిట్ 32. కారిపోయిన ప్లాస్మా తిరిగి రక్తనాళాల్లోకి వస్తోంది. ఆ సమయంలో మేం గంటకు 100 చొప్పున సెలైన్ ఇస్తూనే ఉన్నాం. నొప్పుల హడావిడిలో దాన్ని ఆపే సమయం ఎవరూ రాయలేదు. ముందురోజు సాయంత్రమే హిమాటోక్రిట్ దిగి, మూత్రం పెరిగినప్పుడే ఆపాల్సింది.

హిమాటోక్రిట్ దిగితే ఒక్కోసారి లోపల రక్తస్రావం జరుగుతోందని కూడా అర్థం. అందుకే ముందు అది కాదని చూసుకున్నాం. రక్తస్రావమైతే పల్స్ పెరిగి, చేతులు చల్లబడతాయి. ఇక్కడ అంతా తలకిందులుగా, బాగుపడుతున్నట్టు ఉంది. సెలైన్ ఆపి, తల ఎత్తుగా పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి, ఫ్యూరోసమైడ్ 20 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇచ్చాం. మధ్యాహ్నానికి ఆయాసం తగ్గింది.

ఆ తర్వాత అంతా త్వరగానే జరిగింది. ఎనిమిదో రోజు ప్లేట్‌లెట్లు 38,000, తొమ్మిదో రోజు 71,000, పదో రోజు 1,12,000. కాళ్లూ చేతుల మీద ఎర్రగా దద్దు, దురద వచ్చాయి. ఆకలి తిరిగి వచ్చింది. ఇంటికి పంపించాం. జ్వరం మొదలైన పదమూడో రోజున, 37 వారాల 3 రోజులప్పుడు, సహజంగా నొప్పులు వచ్చి మామూలు కాన్పయింది. ఆ రోజు ఆమె కౌంట్ 1,90,000. రక్తస్రావం మామూలు కాన్పులో అయ్యేదానికన్నా ఎక్కువ కాలేదు. 2.6 కిలోల ఆడపిల్ల. బొడ్డుతాడు రక్తంలో ఎన్‌ఎస్‌1, ఐజీఎం (డెంగీ యాంటీబాడీ) రెండూ నెగెటివ్. పాపను అయిదు రోజులు దగ్గరుంచుకుని చూశాం, జ్వరం రాలేదు. మొదటి గంటలోనే తల్లిపాలు పట్టించాం. డెంగీ వచ్చిందని పాలు ఆపాల్సిన పని లేదు.

మేం మార్చుకున్నవి

జ్వరంతో వచ్చే ప్రతి గర్భిణి కాగితం మీద ఇప్పుడు పాత సీబీసీ అంకెలు పక్కనే రాస్తున్నాం. ల్యాబ్ పరిధిని కాదు, ఆమె పరిధినే చూస్తున్నాం. జ్వరం ఉన్నన్నాళ్లూ ‘రోజూ వేసుకునే మాత్రలేమిటి?’ అని విడిగా అడిగి ఆస్పిరిన్ ఆపిస్తున్నాం. బీపీ చార్టులో రెండు అంకెల మధ్య తేడాకు ఒక గడి, చేతుల వెచ్చదనానికి ఒక గడి చేర్చాం. సెలైన్ రాసేటప్పుడు ఎప్పుడు మళ్లీ చూసి ఆపాలో సమయం రాయకపోతే నర్సులు ఆ ఆర్డరు తీసుకోరు. ఈ నియమం పెట్టింది నర్సులే.

కౌంట్ ఎంతున్నా రక్తస్రావం గానీ, దగ్గర్లో కాన్పు గానీ లేకుండా ప్లేట్‌లెట్లు ఎక్కించాలంటే ఇద్దరు సీనియర్లు ఒప్పుకోవాలి. ఇది పెట్టుకున్నది ముఖ్యంగా నా కోసమే. భయం పట్టినప్పుడు పక్కన ఇంకొకరుండాలి.

బంధువులతో మాట్లాడే తీరు కూడా మారింది. చేరిన రోజే వాళ్లకు చెబుతున్నాం: ‘జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులే మాకు ఎక్కువ జాగ్రత్త కావాలి. అప్పుడు ఇంటికి వెళ్దామనిపిస్తుంది, అప్పుడే మీరు మా దగ్గరుండాలి’ అని. ముందే చెబితే ఎవరూ కాదనలేదు.

ఈ కేసుతో తేలనివి కూడా ఉన్నాయి. మేం ఆగినందువల్లే పాపకు జబ్బు రాలేదని ఒక్క కేసు చూసి నేను చెప్పను. నొప్పులు ఆరో రోజున ఆగకపోయి ఉంటే 17,000 ప్లేట్‌లెట్లతో కాన్పు చేయాల్సి వచ్చేది, ఈ రాతంతా వేరేగా ఉండేది. హెల్ప్ నిజంగానే తోడై ఉంటే ఆగడం తప్పయ్యేది. అందుకే ఆరేసి గంటలకోసారి ఆ అనుమానాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించుకున్నాం.

ఇంటికి వెళ్లేటప్పుడు పాప కార్డు మీద ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక రాసి, పాప తల్లికి చదివి వినిపించాను. తల్లి నుంచి వచ్చిన డెంగీ యాంటీబాడీలు మొదట పాపను కాపాడతాయి. నాలుగో నెల నుంచి పన్నెండో నెల మధ్య అవి తగ్గిపోతున్న దశలో డెంగీ సోకితే అవే జబ్బును తీవ్రం చేయొచ్చు. అందుకని ఆ నెలల్లో పగటి నిద్రలో కూడా దోమతెర ఉండాలి, జ్వరం వస్తే ఆ రోజే రావాలి. ఏడో నెలలో ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది. పాపకు రాత్రి నుంచి జ్వరమట. గంటలో తీసుకొచ్చింది, ఆ కార్డు చేతిలో పట్టుకుని. పరీక్షలు చేస్తే చెవి ఇన్ఫెక్షన్. ఎన్‌ఎస్‌1 నెగెటివ్.